కొక్కెం ఉన్న కారు

నవంబరు మొదటి శనివారం ఉదయం పదింపావుకు అబిగేలు చేతిలోంచి కారు జారి నేల మీద పడింది. కప్పు ఊడి మంచం కిందికి వెళ్లింది. కప్పు మీది కొక్కెం కూడా ఊడింది. మిగతా కారుకు ఏమీ కాలేదు.

కారు ప్లాస్టిక్‌ది. జానెడు పొడవు. దీవిలో గోల్ ఘర్ పేటలోని ఆ ఇంట్లో ముప్పై మూడేళ్లుగా షోకేసు పై అరలో ఉంది. అబిగేలు తాత సత్యవేదం ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే దాన్ని తుడుస్తాడు. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వడు. ఆ ఉదయం ఆయన పెన్షన్ కాగితం పని మీద బ్యాంకుకు వెళ్లాడు.

"గలతీ సే పడిపోయింది డాడీ," అంది అబిగేలు. ఆ పిల్లకు తొమ్మిదేళ్లు. సోమవారం బడిలో ప్రదర్శన ఉంది. 'మా డాడీ నా వయసులో చేసిన కారు' అని చీటీ కూడా రాసి పెట్టుకుంది. "తాత నాతో ఇంక మాట్లాడడు."

"తాత వచ్చేలోగా అతికించేద్దాం. ఏడవకు. జిగురు తే."

విన్సెంట్ కిటికీ దగ్గర బల్ల మీద పాత పేపరు పరిచాడు. అతనికి నలభై రెండేళ్లు. హార్బర్‌లో క్రేన్ ఆపరేటరు. ఓడల్లో వచ్చిన కార్లను జెట్టీ మీదికి దించుతాడు.

"కప్పు మీద ఈ కొక్కెం ఏటి డాడీ? ఏ కారుకీ ఉండదు కదా."

"మీ తాత మద్రాసు నుంచి అతికించుకునే కారు ముక్కల పెట్టె తెచ్చి, మర్నాడే మళ్లీ ఓడెక్కేశాడు. ఎలా అతికించాలో చెప్పడానికి ఇంట్లో ఎవరున్నారు? నేను చూసిన కార్లన్నీ క్రేనుకు వేలాడుతూ దిగినవే. కొక్కెం లేకపోతే కారు దీవికి ఎలా వస్తుంది అనుకున్నాను. గొడుగు ఊచ విరిచి వంచాను."

అబిగేలు ఏడుపు ఆపింది.

"చక్రాలు తిరగవేం?"

"జిగురు ఎక్కువైంది."

"నంబరు ప్లేటు ఉల్టా ఉంది."

"కారుని తిరగేసి పట్టుకుని అతికించాను."

"బుద్ధూ."

"అవును. ఆ గొడుక్కి మీ నాన్నమ్మ చేత తన్నులు కూడా తిన్నాను."

సత్యవేదం అప్పట్లో ఓడలో సరంగు. తిరిగొచ్చి కారు చూశాడు. ఒక్క తప్పూ ఎంచలేదు. తర్వాతి ప్రయాణానికి దాన్ని తన క్యాబిన్‌లో పెట్టుకుని తీసుకెళ్లాడు. దారిలో తుఫాను వచ్చింది. ఓడ మద్రాసులో ఇరవై రోజులు ఆగిపోయింది. ఆ తర్వాత కారు ఇంటికి వచ్చి షోకేసు ఎక్కింది.

"తుఫానులో పెట్టెలు దొర్లాయి, బకెట్లు దొర్లాయి. మావాడి కారు మాత్రం కదల్లేదు. చక్రాలు తిరగవు కదా," అని ఆయన ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేవాడు. పదో తరగతి తప్పిన ఏడాది విన్సెంట్‌కు కూడా అదే చెప్పాడు. "చదువు రాకపోతే పోయింది. నీ చేత్తో అతికించింది తుఫానుకే ఊడలేదు." విన్సెంట్ ఆ మాట పట్టుకుని ఐటీఐలో చేరాడు.

పదిన్నరకు గేటు చప్పుడైంది. జిగురు సీసా మూత ఇంకా రాలేదు.

"ఈ యేడూ మెషీను ఒప్పుకోలేదురా," అంటూ సత్యవేదం లోపలికి వచ్చాడు. "'అంకుల్, అంగూఠా ఫిర్ సే' అంటుంది ఆ కౌంటరు అమ్మాయి. బొటనవేలు ఎన్నిసార్లు పెట్టమంటుంది? ఓడలో వైరు రోపు కోసిన వేలమ్మా, నువ్వు పుట్టకముందు గాటు, అది పోదు అన్నాను. ఆఖరికి కన్ను ఫొటో తీసి, నేను బతికే ఉన్నానని రాసుకుంది."

ఆయన అడ్డంగా గాటు ఉన్న కుడి బొటనవేలు ఎత్తి చూపించాడు. అప్పుడు బల్ల వైపు చూశాడు.

"నేనే తాతా," అంది అబిగేలు. "పడేశాను."

సత్యవేదం కోప్పడలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"దెబ్బ తగిలిందా?"

"కప్పు ఊడింది."

"నీకు."

"నాకు లేదు."

"అయితే సరే. కప్పు అతికించెయ్ రా విన్సెంటూ. మరేం కదపకు."

విన్సెంట్ సీసా మూత పంటితో తీసి, ముందు కొక్కేన్ని కప్పు మధ్యలో నిలబెట్టాడు.

"అలా కాదు," అన్నాడు సత్యవేదం. "ఎడమకి ఒరగాలి. మొన వెనక్కి ఉండాలి."

విన్సెంట్ ఎడమకి ఒరిగించాడు.

"ఇంకాస్త. ఆఁ. అంతే."

"దీన్ని చేసింది నేనా, నువ్వా నాన్నా?"

"నువ్వే," అన్నాడు సత్యవేదం. "నేను తుడిచేవాణ్ని."

ఆయన లేచి, చొక్కా మార్చుకోవడానికి లోపలి గదిలోకి వెళ్లాడు. అబిగేలు బల్ల మీద మోచేతులు ఆనించి కారులోకి తొంగి చూసింది.

"లోపలంతా నీ వేలిముద్రలే డాడీ. ఎంత జిగురు పూశావు."

సీట్ల పక్కన, తలుపుల వెనక, చక్రాల ఇరుసుల దగ్గర జిగురు బొట్లు ఎండి ఉన్నాయి. ప్రతి బొట్టునూ బొటనవేలితో నొక్కిన గుర్తు ఉంది. అబిగేలు లెక్కపెట్టింది. పదకొండు.

విన్సెంట్ కళ్లజోడు పెట్టుకుని కారును కిటికీ వెలుతురుకు తిప్పాడు.

పదకొండు ముద్రలకూ అడ్డంగా గాటు ఉంది.