మొదటి చిటపట

“తాతా, చెవి కాలద్ది. ఇవతలకి రా.”

షెడ్డులో పనికుండే దుర్గ కేకేసింది.

కాఫీగింజలు వేయించే మిషను పక్కన ముసలాయన తల వంచి, కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాడు.

వారం రోజులుగా ఇదే వరస. పేరు పద్మనాభయ్య అని చెప్పాడు. వాకాడు నుంచి రెండు బస్సులు మారి, మనుబోలు హైవే పక్కనున్న ఈ రేకుల షెడ్డుకి వస్తాడు. ఏమీ కొనడు. మిషను తిరిగినంతసేపు ఉండి వెళ్ళిపోతాడు.

“పాట వినపడతా ఉందేమో,” అని దుర్గ నవ్వింది.

సుభాషిణి నవ్వలేదు.

షెడ్డు ఆమెది. మిషను పాతది, గూడూరులో బ్రోకరు ద్వారా కొన్నది. పని నేర్చుకున్నది ఫోన్లో చూసి.

చెన్నైలో ఒక కాఫీ దుకాణం కెన్యా గింజ అడిగింది. లేతగా వేయించాలి. పులుపు ఉండాలి, పులుపు పక్కనే తీపీ ఉండాలి.

మొదటిసారి పంపిన పొట్లం పచ్చి చింతకాయలాగా ఉందన్నారు.

రెండోది మాడిందన్నారు.

మూడోదే ఆఖరు అన్నారు.

అదీ పోతే షెడ్డు మూసేయాలి. దుర్గకి ఆ మాట ఇంకా చెప్పలేదు.

ముసలాయన కళ్ళు తెరిచాడు.

“అమ్మా, ఒక్క మాట. ఆ వేడి చూపే సూదిని నమ్మబాక. అది వెనకబడి చెప్తుంది. గింజ చిటపట అనకముందే మంట తగ్గించు. మొదటి చిటపట విన్నాక నిమిషన్నర ఆగి తియ్యి. తీపి అప్పుడొస్తుంది.”

“కెన్యా గింజ మీరెప్పుడన్నా వేయించినారా, పెద్దాయనా?”

“లేదమ్మా. ఆ పేరు వినడం ఇక్కడే.”

“శనక్కాయలు వేయించుంటాడులే అక్కా,” అంది దుర్గ.

“మరి సూది తప్పని మీకెట్లా తెలుసు?”

ఆయన ఏదో చెప్పబోయాడు. మిషను వైపు చూసి ఆగిపోయాడు.

“ఊరికే. అనిపించింది.”

“మీకు ఊరికే. నాకిది బతుకు. రేపట్నించి రాబాకండి.”

“సరేనమ్మా.”

తువ్వాలు భుజాన వేసుకున్నాడు. పోతూ పోతూ మిషను పక్క రేకు మీద అరచెయ్యి ఆనించాడు.

“ఆ చెయ్యి కాల్లేదా అక్కా?” అంది దుర్గ, ఆయన వెళ్ళాక.

మర్నాడు సుభాషిణి సూదిని చూసే గింజ దించింది. పొట్లం కట్టి పంపింది.

రెండు వారాలకు ఫోను వచ్చింది.

“పులుపూ లేదు, తీపీ లేదు మేడం. వేరేవాళ్ళకి ఇచ్చేశాం.”

ఇక దుర్గకి చెప్పక తప్పలేదు.



“అయితే మళ్ళీ రొయ్యలు ఒలిచే పనికి పోవాల్సిందే,” అంది దుర్గ.

కెన్యా గింజల మూట విప్పి చూసింది.

“మూట అడుగున మూడు కిలోలు ఉండాది. ఏం చేద్దాం అక్కా?”

“వేయించుదాం.”

“ఎవరికి?”

“ఎవరికీ కాదు.”

సూది మీద గుడ్డ కప్పింది. మంట ముందే తగ్గించింది. మొదటి చిటపట విన్నాక నిమిషన్నర ఆగింది.

చల్లారాక పొడి కొట్టి కాచి, ఇద్దరూ చెరో గుక్క తాగారు.

ముందు నేరేడుపండు పులుపు. అది నాలుక దాటకముందే తాటిబెల్లం తీపి.

దుర్గ గ్లాసు కింద పెట్టి ముఖం తిప్పుకుంది.

సుభాషిణి చెన్నైకి ఫోను చేసింది. నాలుగుసార్లు చేసింది. ఎత్తలేదు.

“తాతకన్నా ఇచ్చి రా అక్కా,” అంది దుర్గ.

వాకాడులో ఇల్లు తెలుసుకోవడం కష్టం కాలేదు.

“మొన్ననే పెద్దకర్మ అయింది,” అంది ఆయన భార్య వెంకటశేషమ్మ. “నిద్రలోనే పోయినాడు.”

సుభాషిణి కాఫీ పొట్లం ఆమె చేతిలో పెట్టింది.

“మనుబోలు షెడ్డమ్మవి నువ్వేనా?”

“నేను తెలుసా మీకు?”

“కడదాకా నీ మాటే. సూది సంగతి చెప్పినాను, ఆ బిడ్డ వినిందో లేదో అని.”

“ఎట్లా తెలుసని అడిగితే చెప్పలేదమ్మా ఆయన.”

“చెప్పడు. మాది సేద్యం చేసే వంశం. అమ్మిన ఎద్దుని, కొన్నోళ్ళ కొట్టంలోకి పోయి నాదనకూడదంటారు మా వాళ్ళు.”

“ఏ ఎద్దు?”

వెంకటశేషమ్మ ముందుగదిలో పరిచిన చాపను పక్కకి లాగింది.

సిమెంటు నేల మీద నాలుగు బోల్టు గుంతలు ఉన్నాయి.

“ముప్పై రెండేళ్ళు ఇక్కడే కాఫీగింజలు వేయించినాడమ్మా, ఇప్పుడు నీ షెడ్డులో తిరిగే మిషను మీద.”