బొట్టు నిలవని కారు

అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. నా తప్పులూ నిదానమూ మన్నించండి.

అప్పలనరసమ్మ కోడలు యామిని మూడేళ్లు ఇంట్లోనే బాగుచేసిన పాత ఎర్ర స్పోర్ట్స్ కారు ఆ రోజే రోడ్డెక్కాలి. బళ్లన్నీ తమంతట తామే పోయే కాలం అది; మనుషులు నడిపే బళ్లకు ఏడాదికి ఒక్క గంటే అనుమతి. అత్త అప్పలనరసమ్మ కారుకు పసుపు రాసి బొట్టు పెట్టింది. రంగు మీద గీత పడకుండా యామిని వేసిన పూత నున్నగా ఉండి, బొట్టు జారిపోయింది. మళ్లీ పెడితే మళ్లీ జారింది.

"గంట అయిపోతోంది అత్తా!"

"బొట్టు లేకుండా గేటు దాటనివ్వనే!"

"అయితే పూత గీకేయమంటావేటి?"

అప్పలనరసమ్మ వీధిలోకి చూసింది. తమంతట తామే పోయే బళ్లన్నిటికీ బొట్లున్నాయి. ఆమె నవ్వి, మిగిలిన కుంకుమ కోడలి నుదుట దిద్దింది.

"ఇది తనంతట పోదు కదే, తోలేది నువ్వే. పద, నేనూ ఎక్కుతాను."

— బోణి సన్యాసమ్మ, డెబ్బై మూడేళ్లు, ఇప్పుడు ఉండేది మధురవాడలో.