గిన్నె మూత

వీడియో కాల్‌లో ఉన్న ఈశ్వరరావు ఫోను అటు తిప్పాడో లేదో, సింహాచలం అన్నం గిన్నె మీది మూత తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏటి బాబాయ్, సిగ్గా? పోలీసోళ్ళు గానీ ఎతుకుతున్నారేటి?"

ఈశ్వరరావు మాటకు వంటగదిలో అందరూ నవ్వారు.

సింహాచలం చేతిలో గరిటె ఆగిపోయింది.

పరాయి దేశంలో కూలీలుండే ఆ తువాస్ డార్మిటరీలో ప్రతి ఆదివారం గదిలోని పన్నెండు మందికీ అతనే వండేవాడు. మిగతావాళ్ళు చుట్టూ చేరి ఇళ్ళకు వీడియో కాల్స్ చేసుకునేవారు. అతను మాత్రం ఎవరికీ చేసేవాడు కాదు.

సాయంత్రం గిన్నెలు తోముతూ ఈశ్వరరావుతో తనే అన్నాడు.

"నువ్వన్నది నిజమేరా. జైల్నుంచి పారిపోయొచ్చాను. సింహాచలం నా పేరు కాదు."

"ఏం సేసినావు?"

"కూనీ కేసు. నాను సెయ్యలేదు."

"జైలుకెళ్ళినోళ్ళందరూ అదే అంటారు."

అతను గిన్నె తోముతూనే మిగతాది చెప్పాడు. పారిపోయాక ముందు చెన్నైలో టీకొట్టు పెట్టాడట. బాగా నడిచిందట. ఒక కానిస్టేబులు రోజూ టీకి రావడం మొదలుపెట్టేసరికి, పొయ్యి మీది పాలు పొయ్యి మీదే వదిలేసి వచ్చేశాడట.

"మరిక్కడ సుకంగున్నావా?"

"మీ పిల్లలు ఫోన్లో మాటాడతారు కదా. వొండుతూ అది ఇంటాను. అంతే నా సుకం. నానొచ్చేసినప్పుడు నా కూతురికి ఎనిమిదేళ్ళు. ఇప్పుడు పద్దెనిమిది. ఫోన్ సేస్తే నన్ను పట్టేస్తారు."

ఆ తర్వాతి ఆదివారానికి గదిలో అందరికీ తెలిసిపోయింది.

ఎవరూ వంటగదిలోకి ఫోన్లు తేలేదు. పప్పుచారు గిన్నెలోనే చల్లారిపోయింది.

మధ్యాహ్నం సింహాచలం వచ్చి ఈశ్వరరావు ముందు నిలబడ్డాడు.

"ఒక్కసారి నీ ఫోనియ్యి. మాటాడను. ఇంటాను, అంతే."

ఈశ్వరరావు మొహం తిప్పుకునే ఇచ్చాడు.

నంబరు అతనికి నోటికి వచ్చు.

"హలో... ఎవరండీ? హలో?"

అవతల ఆడపిల్ల గొంతు. అతను కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత ఫోను చొక్కాతో తుడిచి ఇచ్చేశాడు.

సోమవారం పొద్దున పనికి తీసుకెళ్ళే లారీ దగ్గర తలలు లెక్కపెడితే ఒకటి తగ్గింది. అతని మంచం మీద దుప్పటి మడతపెట్టి ఉంది. సంచి లేదు.

"నిన్ను కూడా ఇరికించి పోయుంటాడు" అన్నాడు పక్క మంచం అతను.

మధ్యాహ్నం ఈశ్వరరావు ఫోను మోగింది.

"అంకుల్, నిన్న ఈ నంబరు నుంచి ఎవరో చేసి మాట్లాడలేదండీ. తెలియని నంబరు ఏది వచ్చినా నేను తిరిగి చేస్తుంటాను. మా నాన్నేమోనని. ఆయన పేరు పరంధామయ్య."

ఈశ్వరరావు చేతిలో పని పక్కన పెట్టాడు.

"నాన్న అక్కడున్నారా అంకుల్? ఉంటే ఆయనకి ఒక్క మాట చెప్పండి, చాలు. అసలు చంపినవాడు ఒప్పేసుకున్నాడు. నాన్న మీద కేసులన్నీ ఏడేళ్ళ కిందటే కోర్టులో కొట్టేశారు. ఆ మాట చెప్పడానికే ఇంట్లో ఈ నంబరు మార్చలేదు."

కోర్టు వదిలేసి ఏడేళ్ళయిన ఆ మనిషి, ఆ పొద్దునే మళ్ళీ పారిపోయాడు.