అట్టముక్క వెనక మాట

"ఊఁ, ఇదేంటి?" జుస్తినా అట్టముక్క పైకెత్తింది.

"ఫుట్‌ప్రింట్," అని ఠక్కున చదివాడు ఆమె భర్త వీతోల్ద్.

"చదవడం కాదు మహానుభావా! వెనకేముందో చెప్పు."

అట్టకు ముందు ఇంగ్లీషు మాట, వెనక పోలిష్ మాట. వీతోల్ద్ నోరు తెరిచాడు. మళ్లీ మూశాడు.

"ష్లాత్!" అంది జుస్తినా విసుగ్గా. "ఇంత చిన్న మాట. పొద్దుట్నుంచీ ఇదే చెప్పి చస్తున్నాను."

సోమవారం అతనికి అటవీ ఆఫీసులో పరీక్ష. తప్పితే గైడు బిళ్ల తిరిగిచ్చెయ్యాలి. అడవి తప్ప వీతోల్ద్‌కు ఇంకో పని రాదు, రావాలని కోరికా లేదు. జుస్తినా బడిలో ఇంగ్లీషు టీచరు. ఎంతెంత మొద్దు పిల్లల చేతో మాటలు పలికించింది. కట్టుకున్నవాడి దగ్గరికొచ్చేసరికి ఆమె ఓపిక అడుగంటింది.

"సరే, ఇది?"

"ట్రాక్."

"వెనక?"

బల్ల చివర అతని తల్లి గెనొవెఫా పిరోగీ కుడుములకు పిండి కలుపుతోంది. వీతోల్ద్ చెయ్యి చాచి, చల్లి ఉన్న పొడిపిండి మీద రెండు వేళ్లు నొక్కాడు. అచ్చం జింక గిట్టే.

"గిట్ట భేషుగ్గా ఉంది. ఆఫీసులో నీకు పిండి పరిచి పెడతారా?"

ముసలావిడ ఆ గుర్తు చూసి మురిసిపోయింది. "త్రోప్! జింక త్రోప్!"

"అత్తయ్యా, అందించకండి! సోమవారం వెళ్లి ఆయన పక్కన కూర్చుంటారా ఏంటి?"

"నీ చదువులు తగలెయ్య! చిక్కి సగమయ్యాడు వాడు. ఒరే, రెండు వేసి పెట్టనా?"

వీతోల్ద్ తల్లికేసి చూసి నవ్వాడు.

"తర్వాత తింటాడు లెండి," అని జుస్తినాయే చెప్పి, ఇంకో అట్ట ఎత్తింది.

"ట్రెయిల్," అన్నాడు. అక్కడే ఆగిపోయాడు. పిడికిలితో బల్ల మీద ఒక్కటి గుద్దాడు. పిండి ఎగిరింది.

"ఒళ్లు మండిపోతోంది జుస్తినా! ఏ జంతువు ఎటు పోయిందో కళ్లు మూసుకుని చెప్తాను. ఈ ముక్కల కోసం నన్ను ఇంటికి పంపేస్తారా?"

"పంపేస్తారు. జనం ముందు నిలబడి మూగనోము పడితే ఎవరికి కావాలి నువ్వు?"

అనేశాక నాలుక కరుచుకుంది. వీతోల్ద్ తల వంచుకున్నాడు.

"రాత్రి నేర్చుకున్నది తెల్లారేసరికి పోతోంది. నేను నెగ్గను. అమ్మకి మాత్రం చెప్పకు, తట్టుకోలేదు."

పిండి చేతులతోనే గెనొవెఫా కోడలి దగ్గరికి జరిగింది. "ఏమంటున్నాడే వాడు?"

మంచులో జారిపడి తలకు దెబ్బ తగిలిన నాటి నుంచి, తల్లి నేర్పిన పోలిష్ అంతా పోయి, విదేశీయులకు అడవి చూపిస్తూ నేర్చుకున్న ఇంగ్లీషు ఒక్కటే మిగిలిన కొడుకు మాటలను, ఆ ఇంగ్లీషు ముక్క రాని తల్లికి జుస్తినా పోలిష్‌లో చెప్పింది: "ఆకలేస్తోందట, అత్తయ్యా."