బెరిల్ గెలిచిన పార్కింగ్ కేసు

“కట్టేద్దాం బెరిల్. ఇవాళే కట్టేసి చేతులు దులుపుకుందాం,” అన్నాడు క్లిఫ్.

బెరిల్ ఎంట్విసిల్ టీ కప్పు కింద పెట్టి మొగుడి ముఖంలోకి చూసింది. చర్చిలో చందా పళ్లెం తన వరసకి వస్తోందంటే వంగి బూట్ల లేసులు కట్టుకునే మనిషి. అలాంటివాడు ఒక ప్రైవేటు పార్కింగ్ కంపెనీకి అడిగినంతా ఇచ్చేస్తానంటున్నాడు!

ఉత్తరం బల్ల మీద ఉంది, మొదటి హెచ్చరికతో వచ్చిన కారు ఫోటో దాని పక్కనే. రాచ్‌డేల్‌లో మొక్కలూ కుండీలూ అమ్మే పెద్ద దుకాణం ముందు, మార్చి చివరి ఆదివారం వాళ్ల కారు నిలిచిందట. దుకాణం తెరవకముందు అక్కడ కారు పెట్టకూడదు. పెట్టినందుకు వంద పౌండ్లు. ఇన్నాళ్లూ హెచ్చరికలే. ఇప్పుడు ఏకంగా కోర్టుకీడుస్తామని బెదిరింపు. కారు బెరిల్ పేరున ఉంది కాబట్టి ఉత్తరాలన్నీ ఆమె పేరునే వస్తున్నాయి. ఆ రోజు కారు తీసుకెళ్లింది మాత్రం క్లిఫ్. ఆమె చెల్లెలింట్లో ఉంది.

“తెరవకముందే వెళ్లి అక్కడేం వెలగబెట్టావు?”

“నీకు పూలమొక్క కొందామనే కదా! పదిన్నరకే వెళ్లిపోయాను. తలుపు తీసేదాకా కారులోనే కూర్చున్నాను. ఫోటోలో టైము కూడా ఉంది చూడు. తప్పు మనదే.”

“మనదైతే మాత్రం? ఖాళీ స్థలంలో కాసేపు కారు ఆగితే వంద పౌండ్లా? వాళ్లేమన్నా పోలీసులా, బెదిరించగానే వణికిపోవడానికి?”

“కోర్టూ గీర్టూ మనకెందుకు? డబ్బు నా పెన్షన్‌లోంచి ఇస్తాను. నా తల్లివి కదూ, వదిలెయ్.”

ఆ బతిమాలుడే బెరిల్‌కి ఒళ్లు మండించింది. ఇంత పిరికివాణ్ణా తను కట్టుకుంది? కట్టేది లేదు, కోర్టులోనే చూసుకుందాం రమ్మని ఆ పూటే జవాబు రాసి పడేసింది.

కంపెనీ నిజంగానే కేసు వేసింది. దాంతోపాటు తమ సాక్ష్యం అంటూ ఫోటోని పెద్దది చేసి పంపింది. బెరిల్ కిటికీ వెలుగులో కూర్చుని, కళ్లద్దాలు తుడిచి పెట్టుకుని, దాన్ని అంగుళం అంగుళం చూసింది. వాళ్ల కారు గేటులోంచి లోపలికి వస్తోంది. అడుగున టైము, పదీ ముప్పై అయిదు. కారుకి అవతల, దుకాణం తలుపులోంచి ఒకావిడ పసుప్పచ్చ పూలకుండీ చేత్తో పట్టుకుని బయటికి వస్తోంది. ఆవిడ వెనక ఎరువు బస్తాలున్న బండిని ఒక ముసలాయన తోసుకొస్తున్నాడు.

బెరిల్ చూపు అక్కడే ఆగిపోయింది. ఆదివారం పదకొండయితే గానీ ఆ దుకాణం తలుపు తియ్యరు. ముందే ఈ పూలకుండీ ఎవరమ్మారు?

కాసేపటికి వెలిగింది. అది వేసవికి గడియారాలు మార్చే ఆదివారం. తెల్లారేసరికి దేశమంతా ఒక గంట ముందుకి తిప్పుకుంది. కెమెరాని తిప్పడం మాత్రం ఎవరో మరిచిపోయారు.

క్లిఫ్‌ని కేకెయ్యబోయి నాలుక కరుచుకుంది. ఈ పిరికివాడికి చెబితే ఇప్పుడు కూడా కట్టేద్దామనే అంటాడు. గెలిచాకే చెప్పాలి.

విచారణ రోజున క్లిఫ్ మోకాలి నొప్పి అని మంచం దిగలేదు. బెరిల్ ఒక్కతే మాంచెస్టర్ కోర్టుకి వెళ్లింది. కంపెనీ తరపున వచ్చిన లాయరుకి గడ్డం ఇంకా సరిగ్గా మొలవలేదు.

“ఆదివారం ఆ దుకాణం ఎన్నింటికి తెరుస్తారు బాబూ?” అంది బెరిల్.

“పదకొండుకి మేడమ్. అంతకుముందు కార్లు పెట్టకూడదనేగా మా కేసు.”

“మరి పదిన్నరకి ఈవిడ చేతిలో ఈ పూలకుండీ ఎక్కణ్ణించి వచ్చింది? గోడ దూకి ఎత్తుకొచ్చిందా?”

జడ్జి నవ్వు ఆపుకుంటూ ఫోటో అందుకుంది. బెరిల్ గడియారాల సంగతి కూడా చెప్పింది. కెమెరా గంట వెనక నడుస్తోందనీ, కారు దుకాణం తెరిచాకే వచ్చిందనీ తేల్చి, జడ్జి కేసు కొట్టేసింది.

బెరిల్ దారిలో క్రీమ్ కేకు కొంది. బస్సులో ముక్కూ ముఖం తెలియని మనిషికి కూడా కథంతా చెప్పింది.

ఇంటికొచ్చేసరికి ముందుగదిలో ఇద్దరు కొత్తవాళ్లు టీ తాగుతున్నారు. క్లిఫ్ వెళ్లి బంతులాడే బౌల్స్ క్లబ్బు వాళ్లనుకుంది. మంచం దిగలేని మొగుడు వాళ్ల మధ్య కాలు మీద కాలేసుకుని నవ్వుతున్నాడు. వాళ్లలో పెద్దాయన లేచి నిలబడి ఒక కాగితాన్ని మడుస్తున్నాడు.

“వెళ్లొస్తాం క్లిఫ్ గారూ. అనవసరంగా శ్రమ పెట్టాం, ఏమీ అనుకోకండి.”

ఆ కాగితం ఏమిటో బెరిల్ గుర్తుపట్టింది. కంపెనీ మొట్టమొదట పంపిన ఫోటో. అయితే తన కేసు గురించే మాట్లాడుకుంటున్నారన్న మాట!

“కేకు తినకుండా వెళ్తారా? కూర్చోండి, కూర్చోండి! ఆ ఫోటో అవతల పారెయ్యండి, అదంతా అబద్ధం. జడ్జి గారే తేల్చేశారు. పదిన్నరకి మా ఆయన అక్కడ లేనే లేడు. పదకొండున్నర దాటాకే వెళ్లాడు!”

“బెరిల్...” అంటూ క్లిఫ్ కాలు మీంచి కాలు దించాడు.

“చూశావా, ఇప్పుడేమంటావు? పదిన్నరకే వెళ్లాను, పదిన్నరకే వెళ్లాను అని ఒకటే పాట పాడావు,” అంటూ ఆమె కేకు కొయ్యడం మొదలుపెట్టింది.

పెద్దాయన మళ్లీ కుర్చీలో కూర్చుని, తీరిగ్గా కోటు గుండీలు విప్పుకున్నాడు.

“అలాగైతే క్లిఫ్ గారూ, ఆ ఆదివారం పదిన్నరకి పక్కూరు బరీలో నగల దుకాణం వెనక తలుపు పగిలినప్పుడు మీరెక్కడున్నారో, మా పోలీసులకి మళ్లీ మొదటినుంచీ చెప్పండి.”