నాలుగింటి నీళ్లు

నేషనల్ పార్కులో ఎండ మాడు పగలగొడుతోంది. సఫారీ బస్సు జనంతో కిటకిటలాడుతోంది.

"మా అత్తయ్య బంగారమండీ," పక్కసీటావిడతో చెబుతోంది కోడలు. "పొద్దుట్నించి ఒక్కసారి కూడా బాత్రూమని బండి ఆపించలేదు."

అత్తగారు ఎండిన పెదాలు తడుపుకుంది.

సరిగ్గా నాలుగింటికి బస్సు నీటికుంట దగ్గర ఆగింది. గట్టుమీది మనిషి కుళాయి తిప్పాడు. పొదల్లోంచి జింకలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పరుగెత్తుకొచ్చాయి. ఫోన్లన్నీ పైకి లేచాయి.

"ఇంత కచ్చితంగా టైముకెలా వస్తాయి?" అంది కోడలు.

గైడు నవ్వాడు. "పొద్దుట్నించి చుక్క నీళ్లు వదలం కద మేడం! కడుపునిండా తాగేస్తే ఇక మీకెందుకు కనిపిస్తాయి?"

"ఛీ! నోరులేని జీవాల్ని దాహంతో మాడుస్తారా? మీకు పుట్టగతులుండవు!"

కోడలు కళ్లు తుడుచుకుని, చల్లటి సీసా ఎత్తి గటగటా తాగింది. అత్తగారి చెయ్యి మెల్లగా సీసా వైపు సాగింది. కోడలు మూత బిగించి, సీసాని సంచీలో పెట్టేసింది.

"ఆ బాత్రూముల దగ్గర లైను చూశారుగా అత్తయ్యా. పొద్దుట్నించి ఓర్చుకున్నారు, ఇంకాస్త ఓర్చుకోండి. ఇంటికెళ్లాక తాగుదురుగాని."

అత్తగారు గైడు వైపు తిరిగింది.

"ఇక్కడ మనుషుల్ని కూడా నీళ్లు తాగనిస్తారా, నాయనా?"