రెండో గీత

కాలువ గడ్డకట్టి రెండు రోజులైంది. మళ్ళీ ఎన్నేళ్ళకు కడుతుందో తెలియదు. రేపటి నుంచి కరుగుతుందని రేడియో చెప్పింది. డౌవె ఐసు మీద జారే స్కేట్లకు పదును పెట్టుకున్నాడు.

సరిగ్గా ఈ రోజే బౌక్యె అత్త ఎనభయ్యో పుట్టినరోజు.

నెదర్లాండ్స్ ఉత్తరాన ఈ ఫ్రీస్లాండులో పుట్టినరోజంటే కుర్చీలు గుండ్రంగా వేస్తారు. పుట్టింది ఒకరే అయినా అందరూ అందరికీ చెయ్యిచ్చి అభినందనలు చెప్పాలి. తర్వాత ఒక కాఫీ, ఒక కేకు ముక్క. అత్త కేకు రెండో ముక్క అడిగినవాడు ఇంతవరకు లేడు. సాయంత్రం దాకా లేవకూడదు. చస్తే తప్ప వెళ్ళడం మానకూడదు. లేదా కరోనా టెస్టులో రెండో గీత పడాలి.

డౌవె ముక్కులో పుల్ల తిప్పి చూశాడు. ఒకటే గీత. నిక్షేపంలా ఉన్నాడు.

ఇంకో కిట్టు తీసి కోలా చుక్కలు వేశాడు. ఆ పట్టీలో వైరసు యాంటిజెన్‌ను పట్టుకోవడానికి యాంటీబాడీలు కాపలా ఉంటాయి. పులుపు తగిలితే వాటికి మతి పోతుంది. రాని దొంగను వచ్చాడంటాయి. రెండో గీత ఎర్రగా తేలింది.

"సిగ్గులేదూ? మీ నాన్నకు ఒక్కతే చెల్లెలు!" అంది భార్య సీట్స్కె.

"నీ స్కేట్లు కూడా తుడిచిపెట్టా."

సీట్స్కె చేతి తొడుగులు వెతకడం మొదలుపెట్టింది.

డౌవె అత్తకు ఫొటో పంపి, ఫోన్ చేసి, రెండుసార్లు దగ్గాడు.

"అయ్యో నాయనా! మంచం దిగకు. కిటికీ దగ్గరికి కూడా రాకు," అంది అత్త.

ఊళ్ళో ఎవరైనా చూస్తారని ఇరవై కిలోమీటర్ల అవతలి చెరువుకు పోయారు. మొదటి మలుపులోనే పెదనాన్న కొడుకు రీంట్స్ వచ్చి గుద్దుకున్నాడు.

"నీకు జ్వరమన్నారు కదరా!"

"నీకూ అన్నారు. దేంతో వేశావ్? కోలానా?"

"నారింజ రసం."

రీంట్స్ వెనక పెళ్ళాం పిల్లలు. వాళ్ళ వెనక మిగతా చుట్టాలు. అందరూ రోగులే. అందరికీ బుగ్గలు ఎర్రగా మెరుస్తున్నాయి.

"అంటే ముసలావిడ ఒక్కతే... అన్ని కుర్చీల మధ్య..." అంది సీట్స్కె.

ఐసు గట్టిగా ఉంది. ఎండ కూడా కాసింది. అయినా ఒకరినొకరు తిట్టుకుంటూ స్కేట్లు విప్పారు. కిటికీ బయటి నుంచే పాట పాడి, ఆవిడ్ని చూసి వద్దామని కార్లెక్కారు.

కిటికీకి తెర వేసి ఉంది. తలుపు మీద అత్త చేతిరాతతో చీటీ:

"నాకూ రెండు గీతలు పడ్డాయి, ఎవరూ రావద్దు, ఐసు కరిగాక కలుద్దాం."